వృద్ధ కూలీల ఇల్లూ, ఒళ్లూ

పోయిన ఏడాది మిరపకోతల కాలంలో మా ఖమ్మం జిల్లా వైరా వైపు ఒక ఊరి కాలనీలో ఒక పెద్దమ్మ చనిపోయింది. పేరు రాయడం లేదు. నలభై ఏళ్లకు పైగా నాట్ల ముఠాను వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. మాకు సంఘం అంటే ఏమిటో తెలియని వయసులోనే, కూలి పెంచితే తప్ప మడిలో దిగేది లేదని ముఠానంతా గట్టు మీద కూర్చోబెట్టిన మనిషి. అంతటి మనిషిని చంపింది పెద్ద జబ్బేమీ కాదు. ఇంటి వెనక నీళ్ల బండ మీద పట్టిన పాచి.

తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే మొహం కడుక్కోవడానికి వెళ్లి జారిపడింది. లేవలేకపోయింది. కొడుకూ కోడలూ అప్పటికే మిరపతోటకు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. పక్కింటివాళ్లు చూసేసరికి బారెడు పొద్దెక్కింది. ఎవరో నూనె రాశారు. ఎవరో పసరుకట్టు కట్టారు. "బెణికింది, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటది" అన్నారు. సంగతి తెలిసి మేము వెళ్లేసరికి పది రోజులు దాటింది. ఆస్పత్రికి తీసుకుపోదామంటే ఇంట్లోవాళ్లదీ, ఇరుగుపొరుగుదీ ఒకటే మాట: "డెబ్బై దాటినయి. వయసైపోయింది. ఇప్పుడు ఆపరేషనేంది?" మేమూ గట్టిగా వాదించలేదు. ఇది ఒప్పుకోవాలి. కూలిరేటు దగ్గర ఆసాములతో గంటల తరబడి వాదించే మాకు ఆ రోజు నోట మాట రాలేదు. ఎందుకంటే మాకూ తెలియదు. రెండు నెలలు మంచాన పడి, వీపంతా పుండ్లు పడి, చివరకు నెమ్ము చేసి చనిపోయింది.

పెద్దదినం అయ్యాక మేము కొందరం ఆ కాలనీలోనూ, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలోనూ ముసలివాళ్లున్న ఇళ్లన్నీ తిరిగాం. సంఘం పుట్టిన నాటినుంచీ కూలి గురించీ, భూమి గురించీ, పింఛను గురించీ మాట్లాడుతూనే ఉన్నాం గానీ, కూలివాడి ఇంట్లో గడప ఎంత ఎత్తుందో, మంచం ఎంత కుంగిందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. తెలియనివి ఒక నర్సమ్మను, ఒక సర్కారు డాక్టరును పదేపదే విసిగించి తెలుసుకున్నాం. చూసిందీ, తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం.

ఎక్కడికి వెళ్లినా మాకు వినబడింది ఆ ఒక్క మాటే. మోకాళ్లు పట్టేశాయంటే వయసు. కన్ను కనబడటం లేదంటే వయసు. తూలి పడితే వయసు. అన్నం సయించకపోతే వయసు. వయసు వల్ల వచ్చేవి కొన్ని ఉన్నాయి, కాదనం. కానీ మేము చూసినవాటిలో ఎక్కువ భాగం వయసు నెత్తిన రుద్దదగినవి కావు. కొన్ని యాభై ఏళ్లు నడుం వంచి చేసిన పని వల్ల వచ్చినవి. కొన్ని ఇల్లు అనువుగా లేక వచ్చినవి. కొన్ని సగం సగం వైద్యంతో వచ్చినవి. "వయసైపోయింది" అని ఒక్క మాట అనేస్తే ఇవన్నీ మూతబడిపోతాయి. ఇక కొడుకు ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరు ఏమీ చెయ్యనక్కర్లేదు, ప్రభుత్వం అసలే చెయ్యనక్కర్లేదు.

బండ, గడప, మంచం

మన ఇళ్లలో ముసలివాళ్లు పడేది ఎక్కడో తెలుసా? చెట్టెక్కి కాదు, గట్టు దాటుతూ కాదు. రోజూ తిరిగే నాలుగు అడుగుల చోటులోనే. నీళ్ల బండ దగ్గర, గడప దగ్గర, మంచం దిగేటప్పుడు, రాత్రిపూట దొడ్డికి వెళ్లేటప్పుడు.

బండ సంగతి ముందు. వారానికి రెండుసార్లు ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి రుద్దితే పాచి పోతుంది. వానాకాలంలో బ్లీచింగు పొడి చల్లి కడగాలి. నున్నటి షాబాదు బండ అయితే దాన్ని తీసి గరుకు రాయి వేసుకోవడం మంచిది. లేదా తాపీమేస్త్రి చేత ఉలితో గాట్లు పెట్టించుకోవాలి. సబ్బు నీళ్లు నిలవకుండా వాలు ఉండాలి. స్నానం నిలబడి చెయ్యనక్కర్లేదు, కూర్చోవడానికి ఎత్తైన పీటో, పాత ప్లాస్టిక్ కుర్చీయో వేసుకోవచ్చు. బండ పక్కన గోడకు గట్టి ఇనుప గొట్టం బిగించాలి. గోడ లేకపోతే నడుం ఎత్తున సరుగుడు కర్ర భూమిలో లోతుగా పాతాలి. ఆసరా అంటే అదే. మేము ఒక ఇంట్లో చూశాం, దండెం తాడు పట్టుకుని లేస్తోంది ఒక అమ్మమ్మ. ఆ తాడు ఏ రోజైనా తెగుతుంది.

మన గడపలు జానెడు ఎత్తు. పురుగూ పుట్రా రాకుండా, వాన నీళ్లు రాకుండా పెద్దలు అలా పెట్టుకున్నారు. గడప తీసెయ్యమని మేము చెప్పం, చెప్పినా ఎవరూ తియ్యరు. కానీ దానికి లోపలా బయటా ఒక మెట్టు కట్టవచ్చు. పసుపు రాసే గడపకు అంచు వెంట తెల్ల సున్నం గీత గీస్తే చూపు తగ్గినవాళ్లకు చీకట్లోనూ ఆనుతుంది.

నులకమంచం కుంగితే ఉయ్యాలే. అందులోంచి లేవాలంటే వయసులో ఉన్నవాడికే నడుం పడుతుంది. ఆరునెలలకోసారి దావణం బిగించాలి. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాలు సమంగా మడవాలి. అంతకంటే ఎత్తు వద్దు, పల్లం వద్దు. రాత్రి మెలకువ వస్తే గభాల్న లేచి నడవకూడదు. కాళ్లు కిందికి వేసి, వంద లెక్కపెట్టినంత సేపు కూర్చుని, అప్పుడు లేవాలి. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే ముసలితనంలో రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బీపీ బిళ్లలు వేసుకునేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. తలకింద టార్చిలైటు ఉండాలి. ఇంట్లో ఫోన్లు ఎన్ని ఉన్నా టార్చి మాత్రం ముసలివాళ్లదే, పిల్లలు ముట్టుకోకూడదు.

చేతికర్ర గురించి ఒక మాట. కర్ర పట్టుకోమంటే మన ముసలివాళ్లకు నామోషీ. "కర్ర పడితే రేపటినుంచి ఎవడు పనికి పిలుస్తాడు?" అన్నాడు ఒక తాత మాతో. డెబ్బై రెండేళ్ల మనిషి, ఇంకా పత్తి తీతకు పోతున్నాడు. ఆయన మాటలో నిజం ఉంది, మేము జవాబు చెప్పలేకపోయాం. అయినా ఇంట్లోనైనా పట్టుకో తాతా అని ఒప్పించాం. కర్ర ఎత్తు మణికట్టు దగ్గరికి రావాలి. కింద మొనకు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి గట్టిగా కట్టాలి, అప్పుడు జారదు.

కింద కూర్చుని దొడ్డికి పోలేని మోకాళ్లకు బజార్లో కుర్చీలు దొరుకుతున్నాయి. కొనలేకపోతే పాత ఇనుప కుర్చీకి నడుమ రంధ్రం కోయించి మరుగుదొడ్డి మీద పెట్టుకోవచ్చు. మా ఊళ్లో వెల్డింగు పనివాడు ఒక పూటలో చేసి ఇచ్చాడు. ఇది సిగ్గుపడే సంగతి కాదు. మరుగుదొడ్డికి పోవడం కష్టమని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు మాకు ప్రతి ఊళ్లోనూ కనబడ్డారు. నీళ్లు తాగకపోతే మూత్రంలో మంట, జ్వరం, మలబద్ధకం అన్నీ వస్తాయి. ఎండాకాలం అయితే ప్రాణం మీదికే వస్తుంది.

తుంటి విరిగితే

ఇది ప్రత్యేకంగా రాస్తున్నాం, ఆ పెద్దమ్మ విషయంలో మాకు తెలియక పోయింది గనుక. ముసలివాళ్లు పక్కకు పడినప్పుడు తరచుగా విరిగేది తుంటి ఎముక. గుర్తులు ఏమిటంటే, కాలు మోపలేరు, ఆ కాలు రెండో కాలికంటే పొట్టిగా కనబడుతుంది, పాదం బయటికి తిరిగి ఉంటుంది. అప్పుడు నూనె రుద్దకూడదు, లాగకూడదు, నడిపించి చూడకూడదు. తలుపు రెక్కో, చెక్క పలకో వేసి, రెండు కాళ్లూ కలిపి గుడ్డతో కట్టి, 108కి ఫోను చేసి జిల్లా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

నాటు కట్టు కట్టేవాళ్లను మేము తక్కువ చెయ్యడం లేదు. చేతి ఎముక, ముంజేయి వాళ్ల దగ్గర అతికినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. కానీ తుంటి ఎముక కట్టుతో నిలిచేది కాదు. దానికి ఆపరేషను చేసి ఇనుము వెయ్యాలి, అదీ ఒకటి రెండు రోజుల్లోనే అయితే మంచిది. "ఈ వయసులో ఆపరేషను తట్టుకుంటుందా?" అని అడుగుతారు. మేము డాక్టరును అదే అడిగాం. ఆపరేషనుకంటే మంచమే ప్రమాదమని ఆయన చెప్పాడు. నెలల తరబడి కదలకుండా పడుకుంటే పుండ్లు పడతాయి, నెమ్ము చేస్తుంది, రక్తం గడ్డలు కడుతుంది. ఆపరేషను అయిన మనిషిని మర్నాడే లేపి కూర్చోబెడతారు. సర్కారు ఆస్పత్రిలో అయితే పెద్ద ఖర్చు ఉండదు. ప్రైవేటుకు పోవలసి వస్తే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని అక్కడ బల్ల వేసుకుని కూర్చునే ఆరోగ్యమిత్రను ముందే అడగాలి, ఆపరేషను అయ్యాక కాదు. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ కార్డు పెట్టింది. ఆ కార్డు ఊళ్లో ఎంతమందికి చేతిలో ఉందో సంఘం కార్యకర్తలు లెక్క తీయాలి.

ఎందుకైనా సరే మంచాన పడిన మనిషి ఇంట్లో ఉంటే, రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. పిర్రలు, మడమలు, వీపు రోజూ చూడాలి. ఎర్రగా కమిలిందంటే పుండు మొదలవుతోందన్నమాట. ఆ పక్క మీద ఇక ఒత్తిడి పడనివ్వకూడదు. కోడలు ఒక్కతే ఇదంతా చెయ్యలేదు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడమనిషి రాత్రి రెండు గంటలకోసారి ఎలా లేస్తుంది? కొడుకు లేవాలి. మనవలు లేవాలి.

నొప్పి బిళ్ల

నాట్లు వేసిన నడుం, కోతలు కోసిన మోకాలు, బస్తాలు మోసిన మెడ నొప్పి పెట్టకుండా ఎలా ఉంటాయి? సాయంత్రం ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు పోయి సూదీ, రెండు రకాల బిళ్లలూ తీసుకుంటే రేపు మళ్లీ పనికి పోవచ్చు. ఆయన మీద మాకు కోపం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే. కానీ ఆ బిళ్లలు ఏమిటో తెలుసుకోవాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, రక్తపోటు పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో పనిచేసి, నీళ్లు తక్కువ తాగే మనిషికి కిడ్నీలు మరింత త్వరగా పోతాయి. ఇక కొందరు ఇచ్చే స్టెరాయిడ్ సూదులు తొలిరోజున అమృతంలాగే ఉంటాయి. కొన్నాళ్లకు మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ గుల్లబారిన ఎముకే రేపు బండ మీద విరుగుతుంది.

మరి నొప్పికి ఏం చెయ్యాలి? వేడి నీళ్ల కాపడం, ఉప్పు మూట కాపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. అవి మంచివే, చర్మం కాలకుండా చూసుకోవాలి, అంతే. తప్పనప్పుడు పారాసిటమాల్ బిళ్ల నయం, అదీ డాక్టరు చెప్పిన లెక్క దాటకుండా. తాగుడు అలవాటు ఉన్నవాళ్లు దాన్ని కూడా అడక్కుండా వాడకూడదు. మోకాలికి అసలు మందు తొడ కండ బలంగా ఉండటం. కుర్చీలోనో అరుగు మీదో కూర్చుని, ఒక్కో కాలు ముందుకు చాపి, పది లెక్కపెట్టి దించాలి. ఉదయం పది, సాయంత్రం పది. మేము చెబితే మా పిన్ని ఒకామె నవ్వింది, "రోజంతా వంగి లేచేదానికి మళ్లీ కసరత్తా?" అని. నెల తర్వాత అడిగితే బండ దగ్గర లేవడం తేలికైందని చెప్పింది.

బీపీ, షుగరు బిళ్లల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. నొప్పి బిళ్ల అవసరం లేకున్నా మింగుతారు, బీపీ బిళ్ల అవసరమున్నా మానేస్తారు. "బాగానే ఉంది కదా" అని ఆపేస్తారు. బాగుంది ఆ బిళ్ల వల్లనే. పల్లె దవాఖానాలోనూ, ఉపకేంద్రంలోనూ వీటిని పైసా తీసుకోకుండా ఇవ్వాలి. అయిపోయాయి, వచ్చే నెల రమ్మంటే ఊరుకోకూడదు. ఒక్కరు అడిగితే పంపించేస్తారు, పదిమంది కలిసి వెళితే మండల కేంద్రం నుంచి తెప్పిస్తారు. మేము తెప్పించాం. షుగరు ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి, కనబడకపోతే మనవడి చేత చూపించుకోవాలి. పాదానికి స్పర్శ పోయి ఉంటుంది గనుక తుమ్మముల్లు దిగినా తెలియదు. ఉత్త కాళ్లతో బురదలో దిగకూడదు.

ఎండ

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మంది దాకా చనిపోయారు. అందులో మా జిల్లావాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది కూలినాలి చేసుకునేవాళ్లూ, ముసలివాళ్లూ. ఏసీ గదిలో కూర్చున్నవాడు వడదెబ్బకు చావడు.

ముసలితనంలో దాహం తెలియదు. ఒంట్లో నీళ్లు ఎండిపోతున్నా నోరు అడగదు. అందుకని దాహం వేసినప్పుడు తాగుదామంటే కుదరదు. పొద్దున లేవగానే చెంబెడు, తర్వాత గంటకోసారి గ్లాసెడు తాగాలి. గంజిలో ఉప్పు వేసుకుని, పల్చటి మజ్జిగలో ఉప్పు వేసుకుని, చద్దన్నం నీళ్లతో, ఏదైనా సరే. వాంతులో విరేచనాలో అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపాలి. గుండెజబ్బు, కిడ్నీజబ్బు ఉన్నవాళ్లు నీళ్లు ఎన్ని, ఉప్పు ఎంత అన్నది డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పట్టడం లేదా ఉందా అని చూస్తూ కూర్చోకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టాలి. 108కి ఫోను చెయ్యాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

అన్నిటికంటే మా కడుపు మండేది రేకుల ఇళ్ల సంగతి. తాటాకు ఇల్లు పేదరికం గుర్తు అని రేకులు వేసుకున్నాం. ఇప్పుడు మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చుంటే పొయ్యి మీద పెనంలో ఉన్నట్టే. కొడుకూ కోడలూ పనికి పోతే, తలుపు వేసుకుని ఆ రేకుల కింద పడుకునేది ముసలివాళ్లే. రేకుల మీద సున్నం రెండు పూతలు వేస్తే లోపల వేడి తగ్గుతుంది. రేకుల కింద జానెడు దూరంలో తాటాకు తడికెలు కట్టినా తగ్గుతుంది, కాకపోతే పొయ్యి దగ్గర కట్టకూడదు, నిప్పు భయం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లటి పైకప్పుల విధానమని ఒకటి ప్రకటించింది. విధానం కాగితం మీద చల్లగానే ఉంది. కాలనీ రేకుల మీదికి దాన్ని దింపమని అడగాలి. అప్పటిదాకా మధ్యాహ్నం పూట ముసలివాళ్లను వేపచెట్టు కిందికో, బడి వరండాలోకో చేర్చండి. వేసవి సెలవుల్లో బడి ఖాళీయే కదా! తాళం ఇప్పించడం సర్పంచికి పెద్ద పని కాదు.

కన్ను

కంట్లో పువ్వు వేసిందనీ, శుక్లమనీ, ముదరనివ్వాలనీ ఏళ్ల తరబడి ఆగుతారు. ముదరనివ్వాలన్నది పాతకాలపు మాట. ఇప్పుడు చూపు పనికి అడ్డం వచ్చిందంటే చాలు, ఆపరేషను చేసి కంటిలో అద్దం పెడతారు. చుక్కల మందుతో శుక్లం కరగదు, కరుగుతుందని అమ్మేవాడిని నమ్మవద్దు. తేనె, ఆకుపసరు, చనుబాలు కంట్లో పొయ్యవద్దు. తెలంగాణలో 2018 ఆగస్టులో కంటివెలుగు మొదలైనప్పుడు ఊరూరా కళ్లజోళ్లు పంచారు. మంచిదే. కానీ అప్పుడు ఇచ్చిన అద్దాలే ఇంకా పెట్టుకుని తిరుగుతున్నవాళ్లున్నారు. చూపు మారుతుంది, మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. నీటికాసులనే జబ్బు ఇంకొకటి ఉంది. దానివల్ల పోయిన చూపు ఏ ఆపరేషనుతోనూ తిరిగి రాదు, ముందే పట్టుకుంటే మిగిలింది నిలుస్తుంది. అందుకే రెండు కళ్లూ విడివిడిగా మూసి చూసుకుంటూ ఉండాలి. ఆపరేషను అయినవాళ్లు డాక్టరు చెప్పినన్ని వారాలు చుక్కలు వేసుకోవాలి, మిరప కల్లంలోకి, దుమ్ములోకి పోకూడదు. ఆ వారాల కూలి ఎవరిస్తారు? అదీ ఒక ప్రశ్నే.

చూపు సంగతి వచ్చింది గనుక పాము సంగతీ చెబుతాం. వానాకాలం రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరుస్తుంది. కాటు చీమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు. తెల్లవారి కళ్లు మూతలు పడుతున్నా, కడుపునొప్పి అన్నా, మింగుడు పడకున్నా అనుమానించాలి. మంచం, దోమతెర రెండూ కాపాడతాయి. కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం ఇవేవీ వద్దు. కదలనివ్వకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి, మందు అక్కడే ఉంది.

నోటి సంగతి కూడా ఇక్కడే ఒక మాట. చుట్ట, పొగాకు, జర్దా వదలమంటే వదలరు, మాకు తెలుసు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలి ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు, అంగిలికి కాన్సరు వచ్చేది దానివల్లే. కనీసం నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా చూపించుకోండి.

తిండి, పింఛను

పళ్లు ఊడిన మనిషికి ఇంట్లో ఏం పెడుతున్నారు? మెత్తటి అన్నం, పచ్చడి, నీళ్ల చారు. కడుపు నిండుతుంది, ఒంటికి బలం రాదు. కండ కరిగిపోయేది ఇలాగే. తైదల జావ, మెత్తగా ఉడికిన పప్పులో గుప్పెడు మునగాకు, దంచిన వేరుశనగపప్పు, రోజూ ఒక కోడిగుడ్డు, పెరుగు. ఇవేవీ పట్నం తిండి కాదు. పొద్దున పదకొండు దాకా ఏమీ తినకుండా టీ మీదే ఉండే అలవాటు పనికిరాదు. ఊరకుక్కకు ముద్ద పెట్టి, తాను పస్తుండే అవ్వలు మనకు కొత్త కాదు. పక్కన కూర్చుని ఒకరు తింటూ ఉంటే ఆ ముద్ద దిగుతుంది.

గుడ్డు పెట్టాలంటే డబ్బు కావాలి. వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు నెలకు 200 రూపాయలు. 2007 నుంచీ అదే 200. ఈ పద్దెనిమిదేళ్లకు పైగా కాలంలో ధర పెరగని వస్తువు మన దేశంలో ఇదొక్కటే అనుకుంటాం. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 4000 చేశారు. తెలంగాణలో 2019లో 2016 రూపాయలు చేశారు, 2023 ఎన్నికల్లో 4000 చేస్తామని వాగ్దానం చేశారు. రాష్ట్ర సరిహద్దు ఇటు ఒక అక్క, అటు ఒక చెల్లెలు ఉంటే ఇద్దరి పింఛన్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు.

వచ్చిన ఆ డబ్బు ముసలివాళ్ల నోటిదాకా చేరుతోందా అన్నది వేరే కథ. డ్వాక్రా కిస్తీకి, ఫోను రీచార్జికి, మనవడి ఫీజుకు పోతోంది. ఇస్తే తప్పేమీ లేదు, వాళ్లకూ ఇష్టమే. కానీ పింఛను రోజున ముందుగా ఒక నెలకు సరిపడా గుడ్లు, పప్పు, వేసుకునే బిళ్లలు కొన్నాకే మిగతాది ఇంట్లో ఇవ్వండి. ఈ వరస తప్పవద్దు.

వేలిముద్ర, కాగితం

పోస్టాఫీసు దగ్గర ఒక అమ్మమ్మ వేళ్లు పదిసార్లు నొక్కించారు. మిషను తీసుకోలేదు. "ఏం చెయ్యను బిడ్డా, నాట్లేసి నాట్లేసి గీతలు పోయినయి" అంది. నిజమే. బురదా, నారూ, కొడవలి పిడీ ఆ గీతల్ని తినేశాయి. పని చేసినందుకే పింఛను ఆగింది! చెయ్యి కడిగి, కొబ్బరినూనె కొద్దిగా రాసి తుడిచి నొక్కితే ఒక్కోసారి పడుతుంది. పడకపోతే కంటిపాపతోనో, ముఖంతోనో చూడమని అడగాలి, ఆ పద్ధతులు వచ్చాయి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్లీ తీయించుకోవాలి. ముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు రావలసింది ఆపకూడదని ఆధార్ కేసులో 2018లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ మాట కౌంటరులో ఉన్నాయనకు తెలియకపోతే మనం చెప్పాలి.

ఇక ఇల్లు. పట్టా కాగితం మీద కొడుకు ముద్ర వేయించుకున్న రోజునుంచీ వాకిట్లోకి మారిన తండ్రులు మాకు తెలుసు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకుంటే నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఇప్పించవచ్చు. చూసుకుంటామని రాయించుకుని చూసుకోకపోతే, ఆ 2007 చట్టం వచ్చాక చేసిన దానపత్రాన్ని రద్దు చేయించవచ్చు. కాకపోతే "నన్ను చూసుకుంటే" అన్న షరతు ఆ పత్రంలో ఉంటే గొడవ లేకుండా తేలుతుంది. నోటిమాట షరతును రుజువు చెయ్యడం కష్టం. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాళ్లు 14567కు ఫోను చెయ్యవచ్చు, అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు. మేమైతే ముందుగా కొడుకుతో నలుగురిలో కూర్చుని మాట్లాడతాం. ఆ కొడుకూ కూలివాడే, ఇరుకు గదిలో నలుగురితో ఉంటున్నవాడే. సగం తగాదాలు అక్కడే తీరతాయి. తీరనివే ఆర్డీవో దాకా పోతాయి.

పోయిన నెల కర్ర పట్టనన్న ఆ తాత మాకు కబురు పెట్టాడు. కొడుకులు ఇల్లు పంచుకుంటున్నారు, కాగితం రాశారు, వచ్చి చూడమన్నాడు. వెళ్లాం. పెద్దకొడుకు కాగితమూ, సిరా డబ్బీ ముందు పెట్టాడు. తాత బొటనవేలు ముందుకు చాపలేదు. కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. మేము మొత్తం పైకి చదివి వినిపించాం. "నా మంచం ఎక్కడుంటదో రాసినారా?" అన్నాడు. రాయలేదు. రాశారు. "ఇంకోసారి చదువు బిడ్డా" అన్నాడు.